ఉచితంగా ఇచ్చేదంతా దానమేనా?

బ్రయాన్ ఆక్టన్, జాన్ కూమ్ ఇద్దరూ యాహూలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు. ప్రకటనల వ్యాపారాన్ని లోపల్నించి చూసి విసిగిపోయినవాళ్లు. 2009లో వాట్సాప్ పెట్టాక ప్రకటనల జోలికి పోకూడదనుకున్నారు. వాడుకునేవాళ్లే ఏడాదికో డాలరు ఇస్తే చాలన్నది వాళ్ల లెక్క. 2014లో ఆ సంస్థను 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఫేస్‌బుక్ ప్రకటించింది. అప్పటికి ఉద్యోగులు 55 మంది, వాడేవాళ్లు 45 కోట్లు. 2016లో డాలరు రుసుము ఎత్తేశారు. ఎవరూ బాధపడలేదు. మరుసటి ఏడాది ఆక్టన్ బయటికి నడిచాడు. ఆ క్రమంలో 85 కోట్ల డాలర్ల విలువైన వాటాలు వదులుకున్నానని తర్వాత చెప్పాడు. 2025లో వాట్సాప్ స్టేటస్‌ల మధ్యకు ప్రకటనలు వస్తున్నాయని కంపెనీ ప్రకటించింది.

డాలరు పోయి ప్రకటన వచ్చింది. వాడుకరికి ఇది లాభమా నష్టమా అన్నది చూడ్డానికి లెక్కల ప్రశ్నే. తరచి చూస్తే ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు రకాలు చేసింది. తిరిగి ఏమీ చేయలేనివాడికి, తగిన చోట, తగిన వేళ, ఇవ్వాలి కాబట్టి ఇచ్చేది సాత్త్వికం. ప్రత్యుపకారం ఆశించి ఇచ్చేది, ఫలం మీద కన్నేసి ఇచ్చేది రాజసం. చోటూ వేళా చూడకుండా, చులకనగా విసిరేసేది తామసం. ఇప్పుడు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పైసా అడగకుండా పంచిపెట్టే చోటును ఈ తూకంలో వేసి చూడాలి. వాటి యజమాని మెటాకు 2023లో వచ్చిన ఆదాయంలో నూటికి 97 వంతులకు పైగా ప్రకటనలదే. దీన్ని రాజసం అన్నా కాస్త మర్యాద చేసినట్టే. రాజస దానంలో ఎదుటివాడు ఏం ఆశిస్తున్నాడో పుచ్చుకునేవాడికి సాధారణంగా తెలుస్తుంది. ఇక్కడ అదీ తెలియదు.

ఈ వేదికలు బదులుగా పుచ్చుకుంటున్నది మన ధ్యాసను. సమాచారం పెరిగేకొద్దీ కరువయ్యేది ధ్యాసేనని ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించాడు. ఆ సంగతి తెలుగువాళ్లకు ఇంకో దారిలో ఎప్పుడో తెలుసు. అష్టావధానంలో అవధాని ధారణను చెదరగొట్టడానికే అప్రస్తుత ప్రసంగికి ఒక కుర్చీ వేస్తారు. అతనెవరో సభంతా చూస్తుంది. అతని పని ఏమిటో అవధానికి ముందే తెలుసు. సభ ముగిశాక ఇద్దరూ నమస్కారాలు చెప్పుకుంటారు. ఫోనులో కూర్చున్న అప్రస్తుత ప్రసంగి కనబడడు, నిబంధనలు చెప్పడు, పైగా ఎన్నిసార్లు చెదరగొడితే అంత గిట్టుబాటు.

ఇది అలంకారానికి అంటున్న మాట కాదు. ఫేస్‌బుక్ 2017లో కోపం బొమ్మకు లైక్ కంటే అయిదు రెట్ల విలువ కట్టింది. ఎవరి పోస్టుకు ఎక్కువ కోపాలు వస్తే ఆ పోస్టు అంత ఎక్కువమందికి కనబడింది. కోపం తెప్పించే పోస్టుల్లో తప్పుడు సమాచారం పాలు ఎక్కువని 2019లో కంపెనీ సొంత శాస్త్రజ్ఞులే తేల్చారు. 2020 సెప్టెంబరులో గానీ ఆ విలువను సున్నా చేయలేదు. సున్నా చేశాక తప్పుడు సమాచారం తగ్గింది. ఫేస్‌బుక్ వాడకం మాత్రం తగ్గలేదు. మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్ 2021లో బయటపెట్టిన కాగితాల వల్ల లోకానికి తెలిసిన కథ ఇది. మనుషుల కోపానికి ఎంత ధర కట్టాలో ఒక గదిలో కొందరు ఇంజనీర్లు నిర్ణయించారు, మూడేళ్ల తర్వాత దిద్దుకున్నారు. మధ్యలో ఎవరి అనుమతీ అడగలేదు.

దినపత్రికలు కూడా ప్రకటనల మీదే బతుకుతాయి కదా అని అడగవచ్చు. నిజమే, బతుకుతాయి. కానీ పత్రికలో చీరల ప్రకటన ఏ ఇంట్లో ఎవరు చూస్తున్నారో ఎరగదు. చదివేవాడి బలహీనతను బట్టి మొదటి పేజీ మారిపోదు. పొరుగింటికి వచ్చిన పేజీనే మనింటికీ వస్తుంది. ఆ తేడా చిన్నదేమీ కాదు.

బౌద్ధ అభిధమ్మం ప్రతి చిత్తంలోనూ తప్పక ఉండే ఏడు చైతసికాలను చెప్పింది. వాటిలో మనసికారం ఒకటి. మనసు ఒక విషయం వైపు మళ్లడమే అది. ఆ లెక్కన ధ్యాసను మనిషి జేబులోని వస్తువులా తీసి అమ్మడం కుదరదు. మనిషి అనుభవమే దాంతో తయారవుతుంది. దాన్ని మూడో మనిషి వేలం వేయడం న్యాయమేనా అన్న ప్రశ్నకు వ్యాపార శాస్త్రంలో జవాబు దొరకదు.

ప్రకటనలు లేకపోతే ఖర్చులు ఎలా గడవాలన్న సమస్యకు అదే బౌద్ధం ఒక పరిష్కారం కూడా చూపింది. ఎస్.ఎన్. గోయెంకా సంప్రదాయంలోని విపశ్యన కేంద్రాల్లో పది రోజుల శిబిరానికి, భోజనానికి, బసకు రుసుము లేదు. హైదరాబాదులోని ధమ్మఖేత్త 1976 నుంచి ఈ పద్ధతిలోనే నడుస్తోంది. కనీసం ఒక శిబిరం పూర్తి చేసినవాళ్ల దగ్గరే విరాళం తీసుకుంటారు. మేలు పొందినవాడు రాబోయేవాడి కోసం ఇస్తాడు. అందువల్ల లోపల కూర్చున్నవాడు కొనుగోలుదారూ కాడు, సరుకూ కాడు. అక్కడ నేర్పేది కూడా ధ్యాస నిలపడమే కావడం విశేషం.

ఇంటర్నెట్‌లో ఈ పద్ధతికి బాగా దగ్గరగా వచ్చింది వికీపీడియా. అదీ పుట్టుకతో వచ్చిన పుణ్యం కాదు. 2001లో జిమ్మీ వేల్స్ వ్యాపార సంస్థ నీడలో అది మొదలైంది. డాట్‌కామ్ బుడగ పగిలి డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడు ప్రకటనల మాట వినిపించింది. ఆ మాట వినగానే 2002 ఫిబ్రవరిలో స్పానిష్ రచయితలు చాలామంది మూటాముల్లె సర్దుకుని సెవిల్ విశ్వవిద్యాలయపు సర్వరు మీద వేరు విజ్ఞాన సర్వస్వం పెట్టుకున్నారు. ఆ ఏడే వికీపీడియా డాట్‌కామ్ చిరునామా వదిలి డాట్ఆర్గ్‌కు మారింది. మరుసటి ఏడాది లాభాపేక్ష లేని ఫౌండేషన్ ఏర్పడింది, తెలుగు వికీపీడియా మొదలైందీ 2003 డిసెంబరులోనే. తెలుగులో లక్ష దాటిన వ్యాసాల్లో ఏ ఒక్కటీ పాఠకుణ్ణి వెంటాడదు. విరాళమిచ్చినవాడికీ ఇవ్వనివాడికీ ఒకే పేజీ.

అయితే దానం అడగడంలోనూ దోపిడీ దూరగలదు. ఫౌండేషన్ దగ్గర నిల్వలు దండిగా ఉన్నా, రేపే మూతపడుతుందేమో అనిపించేలా విరాళాల ప్రకటనలు రాశారని ఇంగ్లీషు వికీపీడియా రచయితలు 2022లో తిరగబడ్డారు. ఆ వాక్యాలు మార్పించారు. రాసేవాళ్ల చేతిలో అధికారం ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. బ్రౌజరు తయారుచేసే మొజిల్లా పరిస్థితి వేరు. లాభాపేక్ష లేని ఫౌండేషనే యజమాని, అయినా రాబడిలో సింహభాగం గూగుల్ చెల్లించేదే. డబ్బిచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు ఆ డబ్బు కూడా పగ్గమే.

మరి పన్ను సొమ్ముతో నడిపితే? తెలుగు రాష్ట్రాల్లో ఆ ప్రయోగం ఎప్పుడో జరిగింది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. చదివినా చదవకపోయినా అందరూ కడతారు, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఆలోచన గొప్పది. ఆచరణలో స్థానిక సంస్థలు వసూలు చేసిన సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం, చైర్మన్ పదవులు పార్టీ మనుషులకు దక్కడం పాత కథే. జనం మాట్లాడుకునే చోటుకు ఇదే తీరులో సర్కారు సొమ్ము వస్తే, సొమ్ముతోపాటు సెన్సారు కూడా వస్తుందన్న భయం అర్థం లేనిది కాదు.

నియంత్రణ విషయంలో ఐరోపా కొంత ముందడుగు వేసింది. 2022 నాటి డిజిటల్ సేవల చట్టం ప్రకారం, వాడుకరి ప్రవర్తనను తవ్వకుండా పోస్టులు చూపే మార్గం ఒక్కటైనా పెద్ద వేదికలు ఇవ్వాలి. పెద్ద అంటే అక్కడ నెలకు నాలుగున్నర కోట్లమంది వాడేవి. తమాషా ఏమిటంటే, 2023 ఏప్రిల్‌లో ఆ పెద్దల జాబితాలో వికీపీడియా కూడా చేరింది. చట్టం జనసంఖ్య చూసింది, డబ్బు ఎక్కడినుంచి వస్తోందో చూడలేదు. ధ్యాసను అమ్మేవాడికీ అమ్మనివాడికీ ఒకే గాటన భారం వేయడం సబబు కాదు.

భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ పిల్లల కదలికలను వెంబడించడాన్ని, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధించింది. పిల్లలంటే 18 ఏళ్ల లోపువాళ్లు. పెద్దలైతే సమ్మతి ఇస్తారని చట్టం అనుకుంటోంది. ఆచరణలో పేజీలకు పేజీల షరతుల కింద ఒక మీట నొక్కడమే సమ్మతిగా చెలామణీ అవుతోంది. పదిహేడేళ్లప్పుడు అన్యాయమైన పని మరుసటి పుట్టినరోజుకు న్యాయం కాదు. తొమ్మిదో సెక్షన్‌లోని ఆ నిషేధాన్ని పార్లమెంటు పెద్దలకూ వర్తింపజేయాలి.