అప్పు మాఫీ అడిగితే మాట తప్పినట్టేనా?

ఆమధ్య ములుగు వైపు గూడెం నుంచి ఒక కోయ తండ్రీకొడుకుల వెంట సికింద్రాబాద్ వచ్చాం. కొడుకు సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉండగా బండి ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిన్నది. ఇక నడవలేడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాని సీటు కాబట్టి చదువుకు బ్యాంకు అప్పు తీసుకున్నారు. ఆసుపత్రి పని, బ్యాంకు పని ముగించుకుని సాయంత్రం రైల్వే స్టేషన్ బయట టీ తాగుతున్నాం. మాఫీ చేయమని అర్జీ పెడదామన్నాం. తండ్రి ఒప్పుకోలేదు. "సంతకం పెట్టినం గద సారూ. కట్టకుంటే మాట పోదా?" అన్నాడు.

కొడుకు బాధ వేరు. ఏ పనీ చేతకాదని రాసిస్తే జాలిపడి మాఫీ చేస్తారని ఎవరో చెప్పారట. "కూసోని చేసే పని ఇస్తే చేస్త. చేతకాదని ఎట్ల రాయాలె?" అన్నాడు.

ఈ రెండు మాటలూ మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు.

ముందు తండ్రి మాట చూద్దాం. మన గూడేల్లో మాటకు విలువ ఎక్కువ. కాగితం లేకపోయినా తీసుకున్న గింజలు తిరిగి కొలిచి ఇస్తాం. అది మన బలం. కానీ ఆ బలాన్నే పట్టుకుని మనల్ని కట్టేసిన చరిత్ర కూడా ఉంది. నైజాం రాజ్యంలో భగేలా అని ఉండేది. అప్పు తీసుకున్నవాడు దొర దగ్గర చాకిరీ చేయాలి. అతని తర్వాత ఆ చాకిరీ కొడుకు మీద పడేది. 1943లో హైదరాబాద్ ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద నిబంధన తెచ్చింది. 1976లో వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చి అలాంటి అప్పులు చెల్లవని తేల్చింది. ఆ అప్పు రద్దయిన వాళ్లను మాట తప్పినవాళ్లని ఎవరూ అనలేదు. మనిషిని మింగేసే మాటకు కట్టుబడనక్కర లేదని చట్టమే చెప్పింది.

బ్యాంకు దొర కాదు. ఆ అప్పు లేకపోతే ఆ పిల్లవాడు చదివేవాడే కాదు. అయినా ఒక పోలిక ఉంది. అప్పుడు తండ్రి అప్పు కొడుకు మోశాడు. ఇప్పుడు కొడుకు అప్పు తండ్రి మోస్తున్నాడు, ఎందుకంటే విద్యా రుణం కాగితం మీద తల్లిదండ్రుల సంతకం కూడా ఉంటుంది.

విద్యా రుణానికి తాకట్టు ఏమిటి? పేద పిల్లల దగ్గర భూమి పట్టా ఉండదు, బంగారం ఉండదు. రేపటి సంపాదనే తాకట్టు. 2015లో కేంద్రం పెట్టిన హామీ నిధి ప్రకారం, 7.5 లక్షల లోపు రుణం మొండిబాకీ అయితే అందులో 75 శాతం వరకు బ్యాంకుకు నిధి నుంచి వస్తుంది. అంటే బ్యాంకు నష్టాన్ని పంచుకోవడానికి దేశం ముందుకొచ్చింది. విద్యార్థి బాకీ మాత్రం అలాగే ఉంటుంది. వెన్ను విరిగినవాడికి ఆ రుణం దానంతట అదే రద్దయ్యే చట్టం మన దేశంలో లేదు. 2008లో దేశమంతటా రైతు రుణాలు మాఫీ చేశారు. 2024లో తెలంగాణ 2 లక్షల లోపు పంట రుణాలు మాఫీ చేసింది. వాన రాకపోవడం రైతు తప్పు కాదన్నప్పుడు, వెన్ను విరగడం విద్యార్థి తప్పు ఎట్లా అవుతుంది? మాఫీ అడగడం మాట తప్పడం కాదు. ఆ మాట ఏ రేపటి మీద నిలబడిందో ఆ రేపు కూలిపోయిందని చెప్పడం.

ఇక కొడుకు మాట. ఇది ఇంకా కష్టమైనది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇచ్చింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థలో మేధో వైకల్యం ఉన్నవాళ్లకు చదువు, వృత్తి నేర్పుతున్నారు. వికలాంగులు పని చేయగలరని ఒకపక్క మనమే పోరాడుతూ, మాఫీ కోసం 'చేతకాదు' అని రాయమంటే ఆ పిల్లవాడి ఆత్మగౌరవం ఏమైపోతుంది?

మా ఉద్దేశంలో మాఫీకి కొలత చేతకానితనం కాకూడదు, నష్టం కావాలి. ఏ సంపాదనను నమ్మి అప్పు ఇచ్చారో అది ఎంత పోయింది అన్నదే చూడాలి. రేపు అతను కూర్చుని నాలుగు రూపాయలు సంపాదిస్తే అతణ్ణి అబద్ధాలకోరు అనకూడదు.

కాగితాల భారం కూడా తగ్గాలి. అమెరికాలో శాశ్వత వైకల్యం ఉన్నవారికి విద్యా రుణ మాఫీ ఎప్పటి నుంచో ఉంది, కానీ అర్హులైన ఎంతోమంది దరఖాస్తు చేసుకోలేకపోయారు. 2021 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం తన దగ్గరున్న వైకల్య పింఛను రికార్డులే చూసి, 3,23,000 మందికి పైగా, దాదాపు 580 కోట్ల డాలర్ల రుణం దరఖాస్తు లేకుండానే రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. మన దగ్గరా వైకల్య గుర్తింపు కార్డులున్నాయి, రుణ ఖాతాలున్నాయి. రెండూ కలిపి చూడడం కాని పనేమీ కాదు.

చట్టం వచ్చేదాకా మన టీచర్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రుణ పత్రం మీద సంతకం పెట్టకముందే తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చదివి చెప్పాలి. రుణంతో పాటు బీమా ఇస్తే అది చావుకేనా, శాశ్వత వైకల్యానికీ వర్తిస్తుందా అని అడిగించాలి. ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు చదువుకాలపు వడ్డీని కేంద్రం కట్టే పథకం 2009-10 నుంచి ఉంది. చదువు మధ్యలో మానేస్తే ఆ సాయం ఆగిపోతుంది. అనారోగ్యం వల్ల మానితే ఆగదు, కానీ ఆ రుజువులు కాలేజీ పెద్దకు ఇవ్వాలి. ఇది తెలియక మనవాళ్లు నష్టపోకూడదు.

ఆ తండ్రి చివరికి అర్జీ మీద వేలిముద్ర వేశాడు. అందులో 'చేతకాదు' అన్న మాట లేదు. జరిగింది జరిగినట్టు కొడుకే రాశాడు.