సాయానికి ముందు సంజాయిషీ ఎందుకు?

చర్చికి వచ్చే పదహారేళ్ళ పిల్ల పెళ్ళి కాకుండానే గర్భవతి అయిందని తెలిసింది. సంఘం ముందుగా ఏం చెయ్యాలి? తప్పని చెప్పాలా, చెయ్యందించాలా? సాయం చేస్తే మిగతా పిల్లలకి అలుసవుతుందని పెద్దల భయం.

ఉద్యోగరీత్యా యాంగాన్‌లో ఉన్నప్పుడు ఈ ప్రశ్న నాకు కొత్తగా కనిపించింది. 1899లో పూర్తయిన సెయింట్ మేరీస్ కెథెడ్రల్ ఉన్న బోటాటౌంగ్, నది ఒడ్డు పేట. 'రంగం' వెళ్తున్నామంటూ మన కోస్తావాళ్ళు ఓడ దిగిన నగరం ఇది. కోరంగి రేవు పేరుతోనే వాళ్ళని ఇక్కడ పిలిచేవారు. 1942 యుద్ధం, 1962 తర్వాతి సైనిక పాలన చాలామందిని వెనక్కి పంపేశాయి. మిగిలిన తెలుగువాళ్ళలో క్రైస్తవులు మరీ కొద్దిమంది. ఇలాంటిచోట చర్చే ఊరు, చర్చే చుట్టరికం. అక్కడ వెలివేస్తే ఆ పిల్ల వెళ్ళడానికి ఇంకో ఊరుండదు. డాలస్‌లోనైనా, దుబాయ్‌లోనైనా చిన్న సంఘాల పరిస్థితి ఇంతే.

తప్పు చేసినవాళ్ళని ప్రభువు బల్లకి దూరం పెట్టడం, అందరి ముందు నిలబెట్టి ఒప్పించడం మన సంఘాల్లో చాలాచోట్ల చూస్తాం. నిలబడేది అమ్మాయే. అబ్బాయికి కడుపు కనిపించదు కదా! యోహాను సువార్త 8వ అధ్యాయం చూడండి. ధర్మశాస్త్రం ఇద్దరినీ శిక్షించమంటే, జనం ఈడ్చుకొచ్చింది ఒక్క స్త్రీనే.

ఇంకో దారి హడావుడి పెళ్ళి. పదహారేళ్ళకి పెళ్ళి ఇండియాలోనూ, 2019 బాలల హక్కుల చట్టం వచ్చాక మయన్మార్‌లోనూ చట్టవిరుద్ధం. ఇండియాలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజెయ్యాలి కూడా. పెద్దవాడు పిల్లని వాడుకున్నాడంటే అది అసలు సంఘ పెద్దలు రాజీ చేసే వ్యవహారం కాదు. పోనీ, పెళ్ళితో ప్రమాదం తగ్గుతుందా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ళవాళ్ళలో 12.6 శాతం అప్పటికే తల్లులో, గర్భవతులో. తాళి ఉన్నా లేకపోయినా లేత ఒంటికి గుర్రపువాతం ముప్పు ఎక్కువే, బిడ్డ తక్కువ బరువుతో పుట్టే అవకాశమూ ఎక్కువే.

నా మటుకు నాకు తోచేది ఇది: పశ్చాత్తాపం పాస్టరుగారికీ ఆ ఇద్దరికీ మధ్య ఉండనివ్వండి. సాయానికి దాన్ని షరతు చెయ్యకండి. నోరు జారని ఒక పెద్దావిడ నెలనెలా ఆస్పత్రికి తోడు వెళ్ళాలి. పాలు, గుడ్లు, మందులు ఇంటికి చేరాలి. ఆదివారం తప్ప ఖాళీగా ఉండే సండేస్కూలు గదిలో, తల్లి పరీక్షలు రాసొచ్చేదాకా బిడ్డని చూసుకోవచ్చు. అబ్బాయి కూడా పిల్లాడే అయితే, అతన్ని దాచెయ్యకుండా ఒక పెద్దాయన వెంటబెట్టుకుని, చదువో పనో మానకుండా, బిడ్డ బాధ్యత తప్పించుకోకుండా చూడాలి.

మరి అలుసు సంగతి? రాత్రంతా బిడ్డతో మేలుకున్న పసితల్లిని చూసి ఆశపడే పిల్లలెవరూ ఉండరు. ఆమెకి జరిగిన అవమానం చూసినవాళ్ళు మాత్రం ఒకటి నేర్చుకుంటారు: దాచిపెట్టడం. రేపు ఇంకో పిల్ల ఆరో నెలదాకా ఎవరికీ చెప్పదు, డాక్టరు దగ్గరకి వెళ్ళదు. ఆ ప్రాణం మీదికొస్తే జవాబు చెప్పాల్సింది సంఘమే.