దారిలో పగిలిన సరుకు: భారమెవరిది?

సంతలో కొనువాడు వస్తువును చేతబట్టి, త్రిప్పి చూచి, పిదప వెల చెల్లించును. అచ్చట వివాదమునకు చోటు తక్కువ. నేడు అంతర్జాలము ద్వారా జరుగు వర్తకమున తరచుగా ముందు సొమ్ము చెల్లించుటయు, పిమ్మట వస్తువును చూచుటయు జరుగుచున్నది. ఈ రెంటి నడుమ వందల మైళ్ళ దారి యున్నది. ఆ దారిలో వస్తువు పగిలినచో నష్టమును ఎవరు భరింపవలెను? ఇది లెక్కల ప్రశ్నవలె కనబడినను నిజమునకు ధర్మప్రశ్నయే.

ఒక దృష్టాంతమును చూతము. కొండపల్లి బొమ్మలను తెల్లపొణికి కర్రతో చేయుదురు. ఆ కర్ర మిక్కిలి తేలికయైనది. అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, పైన రంగులు వేయుదురు. అట్టి అంబారీ ఏనుగు నొకదానిని ఒక శిల్పి తపాలాలో పంపెననుకొందము. అది చేరునప్పటికి తొండము విరిగియున్నది. “నేను బాగుగనే పంపితిని” అని శిల్పి యనును. “కట్టుబడి చాలలేదు” అని చేరవేసినవారందురు. “నేను పూర్తి వెల యిచ్చితిని” అని కొన్నవాడనును. మువ్వురి మాటయు సత్యమే కావచ్చును.

చట్టమేమి చెప్పుచున్నది? 1930 నాటి సరుకుల విక్రయ చట్టము ననుసరించి, వేరు ఒడంబడిక లేనిచో, సరుకుపై స్వామ్యము ఎవరిదో నష్టమును వారిదే. రవాణాదారునకు అప్పగించుట సాధారణముగా కొన్నవానికి అప్పగించినట్లే. అయినను సరుకు స్వభావమునకు తగినట్లు రవాణా ఏర్పాటు చేయుట అమ్మువాని విధియని 39వ విభాగము తెలుపుచున్నది. 1898 నాటి తపాలా చట్టమునకు బదులుగా 2024 జూన్ 18న అమలులోనికి వచ్చిన 2023 చట్టము, నియమములలో చెప్పిన మేరకు దప్ప తపాలా సేవలపై బాధ్యత నుంచలేదు. ఆన్‌లైన్ విపణులలో అమ్మువారు లోపముగల వస్తువును తిరిగి తీసికొనుటకుగాని, సొమ్ము వాపసు చేయుటకుగాని నిరాకరింపరాదని 2020 నాటి నియమములు శాసించినవి.

చట్టము హద్దును చూపును. మనస్సాక్షి దారిని చూపవలెను. ఇచ్చట తప్పు వేరు, భారము వేరు అని గ్రహింపవలెను. తొండము విరుగుట శిల్పి తప్పు కాకపోవచ్చును. కాని ఆ మక్కు ఎంతటి తాకిడికి ఓర్చునో ఎరిగినవాడు అతడే. పెట్టెను, మెత్తను ఎన్నుకొన్నవాడును అతడే. కొన్నవాని చేతిలో ఏమియు లేదు. కావున ఎన్నుకొను అధికారమున్నవానిపై భారము మొదట నిలుచుట న్యాయము.

“ఒక్క బొమ్మ విరిగిన, నాలుగు బొమ్మల లాభము పోవునే! పేదవాడెట్లు బ్రతుకును?” అను ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. దానికి ఉపాయము బాధ్యతను తప్పించుకొనుట గాక, ముందుచూపు. విలువగల వస్తువునకు బీమా చేయింపవచ్చును. విరుగుడుకై ప్రతి వెలలోను కొద్దిపాటి సొమ్మును చేర్చి, అపాయమును అందరిపై పలుచగా పంచవచ్చును. ఇది మోసము కాదు. తిరిగివచ్చిన బొమ్మను అతికి క్రొత్తదని అమ్ముట మాత్రము నిశ్చయముగా మోసమే.

కొన్నవానికిని ధర్మము కలదు. కట్టను అందిన దినముననే విప్పి చూడవలెను, లోపమున్నచో ఛాయాచిత్రము తీసి వెంటనే తెలుపవలెను, పెట్టెను పారవేయరాదు. చిన్న గీతను పెద్ద పగులుగా చెప్పరాదు. ఇంట పిల్లవాని చేతినుండి జారిపడిన దానిని దారిలో విరిగెనని వ్రాయువాడు, తాను చూడని ఒక కుటుంబపు కూటిని అపహరించినవాడగును. సరిచేయుటకు వీలున్న లోపమునకు వెలలో కొంత తగ్గింపుతో తృప్తి చెందుట ఔదార్యము.

శరణులు కాయకమును సత్యశుద్ధముగా నుండవలెనని బోధించిరి. కన్నులయెదుట నున్నవానితో సత్యముగా వర్తించుట కొంత సులభము, లజ్జయైనను కాపాడును. ముఖమెరుగని వానితో, సాక్షిలేని చోట, నష్టమునకు ఓర్చి సత్యముగా వర్తించుటయే పరీక్ష. వస్తువు విరిగిన మరల చేయవచ్చును. దూరమున నున్న ఇద్దరి నడుమ నమ్మకము విరిగిన, దానిని అతుకు మక్కు ఏ అంగడియందును దొరకదు.