శూన్యంలో ఏముంది?

 

మన ములకలపల్లి లాంటి అడవి పక్క ఊళ్ల నుంచి కూడా పిల్లలు ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్లకి ఒకటే దిగులు: "ఫిజిక్స్ చదివితే వీడికి దేవుడి మీద నమ్మకం పోతుందేమోనండీ!" ఇంకోవైపు ఫోన్లో మెసేజ్‌లు: "శూన్యమే బ్రహ్మమని సైన్స్ నిరూపించేసింది" అని. ఆ భయమూ వద్దు, ఈ తొందరా వద్దు.

ఒక ఎండిన సొరబుర్ర తీసుకోండి. లోపల ఏముంది? ఖాళీ అంటాం. కాదు, గాలి ఉంది. ఆ గాలిని పంపుతో లాగేస్తే? ఎంత గొప్ప పంపు పెట్టినా కొన్ని అణువులు మిగిలిపోతాయి. సరే, అవీ పోయాయనుకుందాం. అప్పుడైనా ఖాళీయేనా?

1948లో కాసిమిర్ అనే డచ్ శాస్త్రవేత్త ఒక లెక్క కట్టాడు. శూన్యంలో రెండు లోహపు రేకుల్ని బాగా దగ్గరగా పెడితే, వాటంతట అవే ఒకదాన్నొకటి లాక్కుంటాయన్నాడు. తర్వాత ప్రయోగాల్లో ఆ బలాన్ని కొలిచారు కూడా. మరి అది శూన్యంలో దాగిన శక్తి వల్లనా, రేకుల్లోని విద్యుత్కణాల వల్లనా? దీని మీద శాస్త్రవేత్తలే ఇంకా వాదించుకుంటున్నారు. కొలత తేలింది, అర్థం తేలలేదు. వాళ్లకే తేలనిదాన్ని మనం దేవుడి పేరు పెట్టి తేల్చేస్తే ఎలా? రేపు వాళ్ల మాట మారితే దేవుడూ మారతాడా?

ఈ విషయంలో మనకు దారి చూపించినవారు స్వామి జ్ఞానానంద గారు. 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. హిమాలయాల్లో తపస్సు చేశారు. తర్వాత యూరప్ వెళ్లి, ప్రాగ్‌లో ఎక్స్‌కిరణాల మీద పరిశోధించి డాక్టరేట్ పొందారు. న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పనిచేశారు. 1947లో శూన్యాన్ని ఎలా సాధించాలి, ఎలా కొలవాలి అని 'హై వాక్యువా' అనే పుస్తకమే రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు.

చూశారా! ధ్యానంలో కూర్చున్న ఆయనే పంపు ముందూ కూర్చున్నారు. మంత్రం చదివితే బుర్రలో గాలి పోదు. పంపు తిప్పితే మనలో అహంకారం పోదు. దేని సాధన దానిదే.

అందుకని తల్లిదండ్రులారా, పిల్లల్ని ధైర్యంగా చదివించండి. వాళ్లు అడిగినదానికి జవాబు రాకపోతే "నాకు తెలీదు నాన్నా, నువ్వు తెలుసుకుని చెప్పు" అనండి. ఆ మాట అనడానికి కొంచెం అహంకారం ఖాళీ అవ్వాలి. అదీ భక్తే.

భద్రాద్రి రామయ్య మన పిల్లల్ని చల్లగా చూడాలి. జై సీతారామ్.