చేతిలో సమిధ, నోట సత్యం

పదో తరగతి పరీక్షలు దగ్గరపడే రోజుల్లో నెట్ సెంటర్ల ముందు ఒక దృశ్యం ఏటా కనిపిస్తుంది. యూనిఫాం మీదే వచ్చిన పిల్లాడు, చేతిసంచిలో కాగితాలు భద్రంగా పట్టుకున్న తల్లి. ఆధార్ కార్డు, స్టడీ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువీకరణ పత్రం, రెండు ఫొటోలు. కంప్యూటర్ ముందున్న కుర్రాడు గళ్లు ఒక్కొక్కటే చదువుతాడు. పేరు, తండ్రి పేరు, కులం, ఏడాది ఆదాయం. తల్లి జవాబు చెబుతుంది. పిల్లాడు పక్కన నిలబడి చూస్తుంటాడు. గురుకులంలో సీటుకు దరఖాస్తు అలా పూర్తవుతుంది. చదువుకోబోయేవాడు నోరు విప్పకుండానే పూర్తవుతుంది.

ఆ పిల్లాణ్ని చూసినప్పుడల్లా ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముడు గుర్తొస్తాడు. గురువు దగ్గరుండి చదువుకోవాలని అతడికి మనసు పుట్టింది. గురుకులంలో అడుగుపెట్టగానే గోత్రం అడుగుతారని తెలుసు. తల్లి జాబాలను అడిగాడు. 'నాకు తెలియదు నాయనా. వయసులో ఉన్నప్పుడు నలుగురి ఇళ్లలో పనిచేస్తూ తిరిగినదాన్ని, అప్పుడు పుట్టావు నువ్వు. నేను జాబాలను, నువ్వు సత్యకాముడివి. సత్యకామ జాబాలుణ్ని అని చెప్పుకో' అన్నదామె. ఏదో ఒక గోత్రం పేరు చెప్పి పంపేయవచ్చు. ఆ తల్లి ఆ పని చేయలేదు.

సత్యకాముడు గౌతమ మహర్షి ముందు నిలిచి, తల్లి చెప్పిన మాట పొల్లుపోకుండా అప్పగించాడు. గౌతముడికి ఆ జవాబు చాలింది. సత్యం తప్పలేదు కాబట్టి సమిధ తెమ్మన్నాడు, శిష్యుడిగా స్వీకరించాడు. అడిగింది గోత్రం, చోటు దొరికింది సత్యానికి. మన సంప్రదాయం దాచి ఉంచిన ప్రవేశ పరీక్షల్లో నాకు తెలిసి ఇంతకన్నా కఠినమైనది లేదు. ప్రశ్న ఒక్కటే, నువ్వెవరివి?

ఈనాటి పరీక్ష తీరు వేరు. పది పూర్తిచేస్తున్నవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఆర్‌జేసీ, తెలంగాణలో టీజీఆర్‌జేసీ అనే గురుకుల జూనియర్ కాలేజీల ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. 150 మార్కులు, రెండున్నర గంటలు. నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతితో పాటు తొమ్మిది, పదకొండు తరగతుల్లోనూ ఖాళీలకు ప్రవేశాలుంటాయి. విజయనగరం జిల్లా కోరుకొండలో 1962 నుంచి నడుస్తున్న సైనిక్ స్కూల్లో ఆరుతో పాటు తొమ్మిదో తరగతిలో చేరే వీలుంది. దారులు చాలా ఉన్నాయి. ఏ దారిన వెళ్లినా గౌతముడి ప్రశ్న మాత్రం దరఖాస్తులో ఎక్కడో ఒక గడిలో కూర్చునే ఉంటుంది.

గ్రూపు అనే గడి చూడండి. నాన్నకు ఎంపీసీ ఇష్టం. పిల్లకు మొక్కలన్నా, ప్రాణులన్నా ప్రాణం. అక్కడ ఏం రాయాలి? ఆరోగ్యం గురించి అడిగిన చోట ఉబ్బసం ఉందని రాస్తే సీటు పోతుందేమోనని భయం. దాచిపెట్టి పంపిస్తే, అర్ధరాత్రి హాస్టల్లో ఊపిరాడనప్పుడు పక్క మంచం పిల్లలకు ఏం చేయాలో తెలియదు. ఆదాయం గడిలో అంకె తగ్గించి రాస్తే, అంతకన్నా లేనివాడి చోటు మనం తీసుకున్నట్టే. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి. అయితే పిల్లాడు పక్కనే నిలబడి చూస్తున్నాడని మరిచిపోకూడదు. గురుకులంలో అతడు నేర్చుకోబోయే మొదటి పాఠం నెట్ సెంటర్లోనే మొదలైపోతుంది, చెప్పేది అమ్మానాన్నలు.

గురువు దగ్గరికి వెళ్లేవాణ్ని ఉపనిషత్తులు సమిత్పాణి అంటాయి. చేతిలో సమిధలు పట్టుకుని వెళ్లేవాడని అర్థం. రావి పుల్లో మోదుగ పుల్లో, ఖరీదు లేనిది, ఎవరికైనా దొరికేది. రాజకుమారుడు తెచ్చినా, కూలివాడి కొడుకు తెచ్చినా పుల్ల పుల్లే. నియమం ఒక్కటే, అది ఎండినదై ఉండాలి. తడి సమిధ అగ్నిలో వేస్తే రాజుకోదు, పొగ చూరుతుంది. ఆ పొగకు పక్కవారి కళ్లు కూడా మండుతాయి. ఎవరో చెప్పిన కోరిక, ఎవరి మీదో పోటీ, నలుగురిలో గొప్ప, ఇవన్నీ పుల్లకు పట్టిన తడి. 'నేను ఎందుకు వెళ్తున్నాను' అని తనను తాను అడిగి, జవాబు దొరికేదాకా ఆగినవాడి సమిధ ఎండుతుంది. నిప్పు తగలగానే అంటుకుంటుంది.

వెళ్లిన తర్వాత సంగతి భాగవతం చెబుతుంది. బలరామకృష్ణులు అవంతిలో సాందీపని దగ్గర అరవై నాలుగు రోజుల్లో అరవై నాలుగు కళలు నేర్చారు. ఎన్నో ఏళ్ల తర్వాత ద్వారకకు వచ్చిన సహాధ్యాయి కుచేలుడి చెయ్యి పట్టుకుని కృష్ణుడు గురుకులం రోజులు తలచుకున్నాడు. అప్పుడు అంతసేపు చెప్పుకున్నది ఒక వాన రాత్రి గురించి. గురుపత్ని కట్టెలు తెమ్మంటే అడవికి వెళ్లారు. అకాలంగా గాలివాన కమ్మింది. పల్లమేదో మెరకేదో తెలియని చీకట్లో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రాత్రంతా తిరిగారు. తెల్లవారుతూనే గురువు వెతుక్కుంటూ వచ్చి అక్కున చేర్చుకున్నాడు.

హాస్టల్లో చేరిన తొలి వారాల్లో ఇలాంటి రాత్రి ప్రతి పిల్లకీ వస్తుంది. ఇంటి మీద బెంగ. స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచే ఉంటుంది, అక్షరం కనపడదు. మెస్‌లో అన్నం ముద్ద గొంతు దిగదు. ఆదివారం అమ్మ వచ్చి వెళ్లాక గేటు దగ్గర కాళ్లు కదలవు. ఆ ఏడుపు బలహీనత కాదు, మంచి ఇంటి నుంచి వచ్చిన గుర్తు. పక్క మంచం మీద అలాగే ఏడుస్తున్న ఇంకో పిల్ల ఉంటుంది. ఆమె చెయ్యి పట్టుకోగలిగితే కృష్ణకుచేలుల రాత్రి మళ్లీ వచ్చినట్టే. ముప్పై ఏళ్ల తర్వాత మార్కులు గుర్తుండవు, ఆ చెయ్యి గుర్తుంటుంది.

సత్యకాముడికి గురువు మొదట వేదం చెప్పలేదు. బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పగించాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని చెప్పి అడవికి తోలుకువెళ్లాడు శిష్యుడు. ఏళ్లు గడిచాయి. ఆవులు వెయ్యి అయ్యాక ఒక వృషభం, అగ్ని, ఒక హంస, ఒక నీటిపక్షి తలా ఒక పాదం చొప్పున అతడికి బ్రహ్మవిద్య బోధించాయి. అంత తెలిశాక కూడా అతడు తిరిగొచ్చి, మీ నోట వింటేనే విద్య నిండుతుందని గురువుకు మొక్కాడు.

ఈనాటి హాస్టల్లో ఆవులు లేవు. తెల్లవారుజామున తనంతట తాను లేవడం ఉంది. బట్టలు తానే ఉతుక్కోవడం, కుళాయి దగ్గర వరుసలో నిలబడటం, ఇంటి నుంచి వచ్చిన అరిసెలు గదిలో అందరికీ పంచడం, జ్వరంతో పడుకున్న స్నేహితుడికి గంజి తెచ్చివ్వడం ఉన్నాయి. బక్క ఆవులను సాకినంత ఓపిక వీటికీ కావాలి. బ్రహ్మవిద్యలోని పాదాలు ఇలాంటి చోట్లే దొరుకుతాయి.

సీటు వచ్చినవారికి శ్వేతకేతువు కథ ఒక హెచ్చరిక. పన్నెండేళ్లకు గురుకులం వెళ్లి, ఇరవై నాలుగేళ్లకు అంతా తెలుసుననే బిగువుతో ఇంటికొస్తే, తండ్రి ఉద్దాలకుడు ఒక్క ప్రశ్నతో ఆ బిగువు సడలించి మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది. సీటు రానివారికి ప్రశ్నోపనిషత్తు ఓదార్పు. ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలతో పిప్పలాదుడి దగ్గరికి వెళ్తే ఆయన వెంటనే బోధించలేదు. తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో మరో ఏడాది గడపండి, ఆపైన అడగండి, తెలిస్తే చెబుతానన్నాడు. ఆ ఏడాది వృథా పోలేదు. ఆరుగురి ప్రశ్నలే ఒక ఉపనిషత్తు అయ్యాయి. ఊళ్లోని బడిలోనే ఉండి శ్రద్ధగా చదువుకునే పిల్ల కూడా ఆ ఏడాదిలో ఉన్నట్టే.

జాబాల తన కొడుకుని ఒంటరిగా పంపింది. అలాంటి తల్లుల పిల్లల కోసం 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో, పి.వి. నరసింహారావు చొరవతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. అక్కడి నుంచి ఆ తలుపు ఇంకా ఇంకా తెరుచుకుంటూ వచ్చింది. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. కూలిపనులు చేసుకునే గిరిజన దంపతుల బిడ్డ ఆమె. సమిధకు ఖరీదు లేదని పెద్దలు ఎందుకన్నారో ఆ రోజు లోకమంతా చూసింది.

కొడుకుని పంపాక జాబాల ఏం చేసిందో ఉపనిషత్తు చెప్పదు. ఎన్ని రాత్రులు గుమ్మం వైపు చూసిందో తెలియదు. కానీ ఆ కొడుకు తర్వాతి రోజుల్లో తానే గురువై, సత్యకామ జాబాలుడిగానే లోకానికి తెలిశాడు. అమ్మ పేరే అతడికి గోత్రమైంది.

దరఖాస్తు పంపేముందు ఒక్క పూట ఆగండి. దీపం పెట్టిన వేళ తల్లీ తండ్రీ బిడ్డా కలిసి కూర్చోండి. గళ్లన్నీ బిడ్డ చేతే చదివించండి, జవాబులు బిడ్డనే చెప్పనివ్వండి. రేపు ట్రంకు పెట్టెలో దుప్పటి, పళ్లెం, గ్లాసు, సబ్బులు ఎన్ని సర్దినా కొన్నాళ్లకు అరిగిపోతాయి. ఆ పూట మీరు నిజం చెప్పనిచ్చారన్న జ్ఞాపకం మాత్రం అరగదు. జాబాల పెట్టెలో పెట్టింది అదొక్కటే.