దిద్దిన వాక్యం ఎవరిది?

వృత్తి అవసరాల కోసం రాయడంలో ఒక్కొక్కరికి విడిగా ఇచ్చే శిక్షణ ఎంతవరకు బోధన, ఎక్కడినుంచి ఒకరి బదులు మరొకరు రాసిపెట్టడం? ఈ ప్రశ్నను ‘చందమామ’ దగ్గర మొదలుపెట్టవచ్చు. 1909లో తెనాలిలో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆ పత్రిక సంపాదకత్వం నిర్వహించారు. వచ్చిన కథలను అవసరమైతే పూర్తిగా తిరగరాసేవారు. పేరు కథ పంపినవారిది, వాక్యం కొ.కు.ది. దీన్ని మోసమనలేం. పిల్లలు అక్కడ వెదికింది కథను. రచయిత సామర్థ్యానికి రుజువును కాదు.

తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి ఉద్యోగానికి దరఖాస్తు పంపే పట్టభద్రుడి సంగతి వేరు. అక్కడ వాక్యమే మనిషికి రుజువు. శిక్షకుడు తిరగరాసి ఇచ్చిన లేఖను చదివే అధికారి లేని నేర్పును ఉన్నదని నమ్ముతాడు. అలాగని సాయాన్నే తప్పుపట్టడం అన్యాయం. చదువుకున్న ఇళ్ళలో ఈ దిద్దుబాటు తండ్రో మేనమామో ఉచితంగా, ఎవరి కంటా పడకుండా చేసిపెడతారు. తొలితరం విద్యార్థి దానినే రుసుము చెల్లించి పొందితే ఆక్షేపించడం ఏ నీతి?

కనుక ఎంత దిద్దారన్నది కొలత కాజాలదు. ‘చర్య తీసుకొనబడును’ అన్నదాన్ని కొట్టివేసి ‘చర్య తీసుకుంటాము’ అని రాసిన శిక్షకుడు, కర్త మరుగైతే బాధ్యత కూడా మరుగవుతుందని చెప్పాడా? కారణం తెలిసిన విద్యార్థి తరువాతి లేఖలో ఆ మార్పు తానే చేసుకోగలడు. అప్పుడు దిద్దిన వాక్యమూ అతనిదే. పర్యవేక్షకుల ఎర్రసిరాకు కారణం అడగకుండా శుద్ధప్రతి రాసుకునే పరిశోధకులకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది.