రాతిపన్నును సత్యనిష్ఠయు

కొన్న వస్తువునందు గలుగు మమకారము వేఱు, దొరకిన వస్తువునందు గలుగు మమకారము వేఱు. కొన్నదాని వెల మనకు దెలియును; దొరకినదాని వెలను మన కోరికయే నిర్ణయించును. ఏటియొడ్డున గులకరాళ్ల నడుమ నల్లని పన్నొకటి కనబడినచో, అది యే జంతువుదని యడుగుటకు ముందే అది గొప్ప జంతువుది కావలెనని మనసు కోరుకొనును. ఎవ్వరును బరీక్షింపని చోట, ఎవ్వరికిని వెంటనే నష్టము గలుగని చోట, తనకు గీర్తి దెచ్చు అసత్యమును విడిచిపెట్టవలసిన విధి మనుజునకు గలదా? కలదేని అది యెవరి యెడల? ఈ ప్రశ్న చిన్నదిగా గనబడును గాని చిన్నది గాదు.

అమెరికాలో ఫ్లోరిడా నదుల యడుగునను, మేరీలాండులోని కాల్వర్టు కొండచరియల పాదమునను, పూర్వసముద్రములు విడిచిపోయిన యస్థులు నేటికిని బయల్పడుచున్నవి. సెలవుదినములందు వానిని వెదకువారిలో బెక్కండ్రు పండితులు గారు. తమ తమ పనులు చేసికొని బ్రదుకు సామాన్య గృహస్థులు. వారికి నెక్కువగా దొరకునవి సొరచేప పండ్లు. సొరచేప తన జీవితకాలమున వేలకొలది పండ్లను రాల్చి మరల మొలిపించుకొనును. తిమింగిలమున కట్టి సమృద్ధి లేదు. కావున దాని పన్ను దొరకుట యరుదు. అరుదగుటచేతనే దానిపై నాశ మెండు.

పన్నును గుర్తించుటకు మొట్టమొదట జూడవలసినది దాని మెఱుగు గాదు, మొదలు. సొరచేప పన్ను చిగురున నాటుకొనియుండునే గాని దవడలోనికి లోతుగా దిగదు. అందుచే దాని మొదలు వెడల్పై పలుచగా నుండును. సరీసృపముల పండ్లు సామాన్యముగా నొక్కవేరు గలవి, తమలో దాము పోలికగలవి. పాలిచ్చు జంతువులకు ముందుపండ్లు వేఱు, దవడపండ్లు వేఱు; దవడపండ్లకు వేళ్లు రెండో మూడో యుండును. ఇంచుమించుగా నాలుగు కోట్ల యేండ్ల క్రిందటి తిమింగిలములందీ లక్షణము స్పష్టముగా నుండెను. వాని ముందుపండ్లు శంకువులవంటివి. వెనుకపండ్లు ఱంపమువలె నంచులు గలిగి రెండు వేళ్లతో నుండునవి. తరువాతి కాలపు పంటితిమింగిలములలో నీ భేదము క్రమముగా నశించి, పండ్లన్నియు నొక్కవేరు శంకువులైనవి. కావున విఱిగిన శంకువు నొకదానిని చేతబట్టుకొని 'ఇది ఫలానా జాతిది' యని నొక్కి చెప్పుట పండితునకును దుస్సాధ్యము. అట్టిచోట 'తిమింగిలపు పన్ను, జాతి తెలియదు' అనునదే నిజమైన పేరు. అది చప్పని పేరే. కాని నిలుచు పేరు.

ఈ విషయమున జరిగిన రెండు వృత్తాంతములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ధర్మము తేటపడును. లూసియానాలో దొరకిన పెద్ద వెన్నుపూసను జూచి, ఫిలడెల్ఫియా వైద్యుడు రిచర్డు హార్లన్ 1834లో అది సముద్రమున వసించిన సరీసృపముదని తలచి, 'బాసిలోసారస్', అనగా బల్లులరాజు, అని పేరిడెను. పిమ్మట అలబామాలో మఱికొన్ని యెముకలును బండ్లును దొరకినవి. హార్లన్ 1839లో వానిని లండనునకు గొనిపోయి రిచర్డు ఓవెన్ అను శరీరశాస్త్రజ్ఞుని ముందుంచెను. ఓవెన్ పంటిని కోయించి, సూక్ష్మదర్శినితో బరీక్షించి, రెండు వేళ్లను గూడ జూచి, ఇది బల్లి గాదు, పాలిచ్చు జంతువు, తిమింగిలముల కూటమిది యని నిర్ణయించెను. హార్లన్ వాదమునకు దిగక యొప్పుకొనెను. మొదట బెట్టిన పేరునకే ప్రాబల్యమను శాస్త్రనియమముచే ఆ తిమింగిలము నేటికిని బల్లులరాజనియే పిలువబడుచున్నది. పొరపాటు పేరున శాశ్వతముగా నిలిచియు హార్లనుకు దాన నపకీర్తి రాలేదు.

రెండవ వృత్తాంతము 1845 నాటిది. ఆల్బర్టు కోక్ అను నాతడు అలబామాలో ద్రవ్వి తెచ్చిన యెముకలను వరుసగా గూర్చి, 114 అడుగుల సముద్రసర్పమని చెప్పి, రుసుము గైకొనుచు న్యూయార్కులో బ్రదర్శించెను. జనులు తండోపతండములుగా బోయి చూచిరి. బోస్టనుకు జెందిన జెఫ్రీస్ వైమన్ వానిని బరిశీలించి, ఆ యెముకలు ఒక్క జంతువువి గావనియు, రెండు వేళ్లు గల పన్ను సర్పమునకుండదనియు వెల్లడించెను. బాసిలోసారస్ నిజమైన పొడవు అఱువదడుగుల ప్రాంతము. అది తక్కువ యద్భుతమా? ఉన్న సొమ్ము చాలక గిల్టుపూత పూసినట్లయినది.

ఈ యిరువురును దప్పు చెప్పినవారే. కాని యొకడు తన మాటను గొట్టివేయగల సాక్ష్యమును దానే సముద్రము దాటించి విమర్శకుని చేతిలో బెట్టెను. రెండవవాడు సాక్ష్యమునే తన మాటకు దగినట్లు అమర్చెను. పొరపాటునకును మోసమునకును నడిమి గీత యిదియే. తాను బట్టిన కుందేటికి మూడే కాళ్లని పట్టుబట్టుట మొదట మొండితనమే. నాల్గవకాలిని దాచిననాడు అది పాపమగును.

ఇక విధి యెవరి యెడల నను ప్రశ్న. శిలాజమున సగము విలువ రాతిలో నుండదు. అది యేచోట, ఏ పొరలో దొరకెనను వార్తలో నుండును. త్రవ్వి తీసినదానిని మరల మునుపటివలె బాతిపెట్టుట యెవ్వరివల్లను గాదు. ఆ స్థలము వ్రాసియుంచకున్నచో, నూఱేండ్లకు బిమ్మట విచారింప వచ్చువానికి మనము తలుపు మూసినవారమగుదుము. ఫ్లోరిడాలో ప్రభుత్వభూములందు వెన్నెముక గల జంతువుల శిలాజముల నేఱుటకు అనుమతిపత్రము గావలెను. దానిని బొందినవారు దొరకినవానిని స్థలముతో సహా మ్యూజియమునకు దెలుపవలెను. సొరచేప పండ్ల కీ నిర్బంధము లేదు. కావున తిమింగిలపు పన్నును సొరచేప పన్నని చెప్పుకొనుట వట్టి మాటతప్పు గాదు, బాధ్యతనుండి తప్పించుకొనుట. ఇంకను బుట్టని వారియెడల మనకు గల ఋణమును దీర్చుటకు ఇంతకంటె సులభమార్గము లేదు: ఒక కాగితపుముక్క, నాలుగు పంక్తుల వ్రాత.

'ఇట్లయిన సామాన్యునకు సంతోషమేమి మిగులును? దొరకినదంతయు మ్యూజియమునకు సమర్పింపవలసినదేనా?' యని యాక్షేపింపవచ్చును. అంతయు నక్కఱలేదు. సర్వసాధారణమైనవానిని నిజమైన పేరుతో నింట నుంచుకొనుట దోషము గాదు. అరుదైనదానికి మాత్రము స్వంతదారునికంటె నెక్కువ హక్కుగలవారు లోకమున నున్నారు. 2016లో, ఆస్ట్రేలియాలో మెల్బోర్ను సమీపమున బోమారిస్ సముద్రతీరమున ముప్పది సెంటిమీటర్ల పొడవుగల ప్రాచీన తిమింగిలపు పన్ను దొరకినట్లు ప్రకటింపబడెను. కనుగొన్నది వృత్తిశాస్త్రజ్ఞుడు గాదు, వేడుకగా వెదకు నొకానొక గృహస్థుడు. ఆతడు దానిని విక్టోరియా మ్యూజియమున కిచ్చివేసెను. చేతిలోని పన్ను పోయినను, దానిని జూచిన సంతోషము పోలేదు. ఆ సంతోషములో ననేకులకు భాగము గలిగినది.

ఈ ధర్మము రాళ్లకే పరిమితము గాదు. మన యిండ్లలో 'తాతలనాటిది' యను పేరిట నెన్ని యాచారములు చెలామణి యగుచున్నవి! వానిలో గొన్ని నిజముగా బ్రాచీనములు, కొన్ని నిన్నమొన్నటివి. వివిధ కాలముల యెముకలను గూర్చి యొకే సనాతనదేహమని చూపి, స్త్రీలయొక్కయు బీదలయొక్కయు మెడలకు దగిలించువాడు కోక్‌కంటె మేలా? కోక్ రుసుము మాత్రమే పుచ్చుకొనెను. ఏ యాచారము ఎప్పటిది, ఎవరిచే దేబడినదని మొదలు చూచి యడుగుట తాతలకు ద్రోహము గాదు. ప్రాచీనమని తేలినంత మాత్రమున అది మంచిదియు గాదు. కాని యబద్ధపు వయస్సును దొలగించిననాడే మంచిచెడ్డల విచారణకు దారి యేర్పడును.

పిల్లవాడు గులకరాతిని దెచ్చి 'ఇది యేమి?' యని యడిగినపుడు, తెలియనిచో 'తెలియదు, చూతము' అని చెప్పుటకు దలిదండ్రులు సిగ్గుపడరాదు. ఆ రాయి యెక్కడ దొరకెనో వానిచేతనే వ్రాయింపవలెను. గొప్పపేరునకు దొందరపడక నిజమైన పేరుకొఱకు వేచియుండుట బాల్యమున నలవడినచో, ఆ బుద్ధి రాతియొద్దనే యాగిపోదు.